కంగారు పడకండి, ఇది మొదటి దశ

మన వైపు చావు కబురు ఎలా చెబుతారో మీకు తెలియనిది కాదు. పోయినవాడు పోయాడని ఎవడూ చెప్పడు. "కొంచెం సీరియస్‌గా ఉంది, కంగారు పడకు, ఉన్నపళంగా బయల్దేరు" అంటాడు. ఆ మాట చెవిన పడగానే అవతలివాళ్లు గుండెలు బాదుకుని, పక్కింటివాళ్లకు తాళంచెవి అప్పగించి, బస్సులో దారి పొడుగునా ఏడ్చుకుంటూ వస్తారు. కంగారు పడకు అన్నాక కూడా మనిషి బతికే ఉన్నాడనుకునే అమాయకుడు మా గోదావరి జిల్లాల్లో ఇంతవరకూ పుట్టలేదు.

ఇన్నాళ్లూ ఇది ఇంటింటి వ్యవహారం. పోయినేడు దీనికి శాస్త్రీయ హోదా దక్కింది. ఇచ్చింది హృదయ పునరావాస, గుండెజబ్బుల నివారణ పరిశోధనా సమాఖ్య. పేరు పొడుగని జడుసుకోకండి. గుండెకు వైద్యం అయ్యాక మనిషిని మళ్లీ నడిపించి, మెట్లెక్కించి, నోరు కట్టించి మామూలు మనిషిని చేసే ఆసుపత్రులన్నీ కలిసి పెట్టుకున్న సంఘం అది. నడిపించినన్నాళ్లు బాగానే నడిపించారు. కాదంటే కళ్లు పోతాయి.

మా నూకరాజు బావనే చూడండి. మా అక్క మంగతాయారు మొగుడు. మా కొత్తలంక బ్రాస్ బ్యాండుకి ఆయనే పెద్ద. క్లారినెట్టు ఆయనది, పెద్ద డ్రమ్ము నాది. ఆయన ఊదితే పెళ్లికూతురు అప్పగింతల దాకా ఆగేది కాదు, ఊరేగింపులోనే ఏడ్చేసేది. అలాంటివాడికి గుండెలో నాళం పూడుకుపోతే స్టెంటు వేశారు. ఆ తర్వాత సమాఖ్య వారి ఆసుపత్రిలో రోహిణి గారని ఫిజియోథెరపీ ఆవిడ ఆయన్ని చేతిలోకి తీసుకుంది. ఆవిడ మాట మీద బావ చుట్ట మానేశాడు, ఉప్పుచేప మానేశాడు, తెల్లారగానే కాలవగట్టు మీద నడక మొదలెట్టాడు, మా అక్క మీద అరవడం కూడా సగానికి సగం తగ్గించాడు. ఒక్క క్లారినెట్టు దగ్గరే ఆయన ప్రాణం కొట్టుకునేది. పరీక్ష చేసి డాక్టర్లు సరే అనేదాకా ఊదకూడదని ఆవిడ చెబితే, ఊదేచోట బిగించే రీడు తీసి మా అక్క చేతికిచ్చేసి, ఉత్త గొట్టం మీద వేళ్లు ఆడించుకుంటూ అరుగు మీద కూర్చునేవాడు. చప్పుడు లేని ఆ వాయింపు నేను చూడలేకపోయేవాణ్ణి.

సుబ్బారాయుడి షష్టి దగ్గర పడుతోంది. షష్టి తీర్థంలో బ్యాండు మేళాల పోటీ అంటే మా వైపు పిల్లా పెద్దా అన్నం కూడా మానేసి వస్తారు. ఏటా ఆ పందిట్లో మొదట ఊదేది బావే. సరిగ్గా అప్పుడే పరీక్ష చేశారు. పరుగు మిషను మీద నడిపించారు, గొట్టంలోకి ఊదించారు, తీగలు తగిలించి తెర మీద గీతలు చూశారు. చూసిన కుర్ర డాక్టరు నవ్వబోయాడు. నవ్వు పెదాల దాకా వచ్చింది. అంతలో ఏదో గుర్తొచ్చి, దాన్ని మాత్ర మింగినట్టు మింగేసి, "ఫలితం విధానం ప్రకారం మీ ఇంటికే అందుతుంది" అన్నాడు.

ఆ విధానం సంగతి మాకు అప్పటికి తెలియదు. అది సమాఖ్య డైరెక్టరు డాక్టర్ విశ్వంభరం గారి బుర్రలో పుట్టింది. వార్త ఏదైనా సరే, ఒక్కసారిగా చెబితే గుండె అదురుతుందని ఆయన పరిశోధనలో తేలిందట. అందుకని రోగికి ఏ సమాచారమైనా మూడు దశల్లో, దశకూ దశకూ మధ్య వారం విరామంతో చెప్పాలని ఉత్తర్వు. దానికి మృదు సమాచార విధానం అని పేరు. దాన్ని నడపడానికి మృదు సమాచార అధికారులు. వాళ్లకు ముఖంలో ఏ భావమూ కనిపించకుండా ఉండటంలో శిక్షణ. మా ప్రాంతానికి వచ్చిన చక్రధర్ గారు ఆ శిక్షణలో మొదటి స్థానం సంపాదించిన మనిషని తర్వాత విన్నాను. నమ్మదగ్గ మాటే. ఆయన ముఖం ఉతికి ఆరేసిన దుప్పటిలా ఉంటుంది.

ఒకరోజు పొద్దున్నే మా వీధిలోకి సమాఖ్య జీపు వచ్చి ఆగింది. చక్రధర్ గారు దిగి, చెప్పులు విప్పి, అరుగు మీద బావకి ఎదురుగా నిలబడ్డారు.

"మొదటి దశ. కంగారు పడకండి" అన్నారు. అని వెనక్కి తిరిగారు.

లోపల మా అక్క చేతిలో చారుగిన్నె కింద పడింది. బావ మొహం తెల్లగా పాలిపోయింది. "ఏంటండి? దేనిగురించండి? మంచా, చెడ్డా?" అని వెంటపడ్డాడు.

చక్రధర్ గారు ఆగారు. "ప్రశ్న ఉద్రేకానికి లక్షణం. ఉద్రేకం కనిపిస్తే విధానం మళ్లీ మొదటి నుంచి ప్రారంభించాలి. వచ్చే వారం వచ్చి మళ్లీ మొదటి దశ తెలియజేస్తాను."

"అంటే మళ్లీ కంగారు పడకండంటారా?"

"ఇది రెండో ప్రశ్న" అంటూ ఆయన జీపెక్కారు.

వచ్చే వారం వచ్చారు. కంగారు పడకండి అన్నారు. ఈసారి అక్క బావ నోటికి తన చెయ్యి అడ్డం పెట్టింది. జీపు వెళ్లేదాకా ఆ చెయ్యి తీయలేదు. ఆ వారమంతా మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. బావ నడకకి మాత్రం వెళ్లొచ్చేవాడు, వచ్చి గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఇక నాకు ఒళ్లు మండింది. "నేనే పోయి ఆ డైరెక్టర్నే అడిగేస్తా" అని బయల్దేరాను.

ఆఫీసు పెద్ద కాలవ పక్కన ఉంది. వరండాలో కూర్చోబెట్టి, చదువుకోమని సమాఖ్య వారి మాసపత్రిక ఇచ్చారు. పత్రికకీ విధానం వర్తిస్తుందట. ఒక నెల సంచికలో మొదటి పేజీలో "కంగారు పడకండి" అని ఉంది, మిగతా పేజీలన్నీ తెల్లగా ఉన్నాయి. మరుసటి నెల సంచికలో "ఉప్పు గురించి" అని ఉంది. ఆపై నెల "తగ్గించండి" అని వచ్చింది. ఏది తగ్గించాలో అప్పటికి చందాదారులు మర్చిపోయి, చాలామంది నడక తగ్గించేశారని పక్కన కూర్చున్న గుమాస్తా చెప్పాడు.

డాక్టర్ విశ్వంభరం గారు గదిలోకి పిలిచి మర్యాదగానే కూర్చోబెట్టారు.

"ఆకస్మికత మానవ హృదయానికి ప్రథమ శత్రువు" అని మొదలెట్టారు. "దుఃఖమే కాదు, సంతోషం కూడా ఒక ఆఘాతమే. కావున శుభాశుభ భేదం లేకుండా, సమదృష్టితో, అంచెలంచెలుగా..."

"అది కాదండీ, మా బావ క్లారినెట్టు ఊదొచ్చా, కూడదా? ఆ ఒక్క ముక్క నాకు చెప్పండి. నా గుండె గట్టిదే. మూడు మైళ్లు డ్రమ్ము మోస్తానండి నేను."

"మీకు చెబితే మీ ముఖం చూసి ఆయన గ్రహిస్తారు. బంధువు ముఖమే రోగికి మొదటి వార్త. అది మా మూడవ పరిశోధనా పత్రం."

అప్పుడే జవాను తలుపు తోసుకుని వగరుస్తూ వచ్చాడు. "సార్, మొదటి దశ సార్! కంగారు పడకండి సార్!"

డైరెక్టరు గారి ముఖం వికసించింది. "చూశారా క్రమశిక్షణ? సిబ్బందికి మాత్రం కుదించిన విరామం ఇచ్చాం. కార్యాలయం నడవాలి కదా" అని చేతి గడియారం చూసుకుంటూ కూర్చున్నారు. ఆయన వెనక కిటికీలోంచి నాకు గట్టు కనిపిస్తోంది. ఎవరూ లేని జీపొకటి నింపాదిగా కాలవ వైపు జారుతోంది.

"అయ్యా, జీపు..." అన్నాను.

"దశ మధ్యలో బయటివారు జోక్యం చేసుకోరాదు."

"రెండో దశ సార్" అన్నాడు జవాను కాళ్లు తొక్కుకుంటూ. "జీపు గురించి సార్."

మళ్లీ విరామం. జీపు ముందు చక్రాలు నీళ్లల్లో దిగాయి. జవాను నా వైపు చూశాడు, నేను జవాను వైపు చూశాను. డైరెక్టరు గారు కళ్లు మూసుకుని శ్వాస మీద ధ్యాస పెట్టారు. చివరికి జవాను, "మూడో దశ సార్. కాలవలోకి జారిపోతోంది సార్... అంటే, పోయింది సార్" అన్నాడు.

డైరెక్టరు గారు ప్రశాంతంగా కళ్లు తెరిచారు. "నాలో మీకు ఏమైనా ఉద్వేగం కనిపించిందా?"

"లేదండి. జీపు కూడా కనిపించట్లేదండి" అన్నాను.

ఆ మాటతో నన్ను బయటికి పంపించేశారు. వరండాలో రోహిణి గారు ఎదురయ్యారు. ఆవిడకు ఫలితం తెలుసని కళ్లల్లోనే కనిపిస్తోంది. చేతులు పట్టుకున్నంత పని చేశాను. పాపం, చుట్టూ చూసి గొంతు తగ్గించారు. "నేను చెప్పకూడదు అబ్బులు గారూ. చెబితే నా ఉద్యోగం పోతుంది. నడక మాత్రం మాననివ్వకండి. ఆయన్ని ధైర్యంగా ఉండమనండి."

ఆవిడ మంచికే అంది. కానీ మీరే చెప్పండి, ధైర్యంగా ఉండు అనే మాట మనవాళ్లు ఎప్పుడైనా మంచి కబురుకి ముందు అన్నారా? ఇంటికొచ్చేసరికి బావ గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

"ఏవన్నారురా?"

అబద్ధం చెబుదామనుకున్నాను. నోరు రాలేదు. "ధైర్యంగా ఉండమన్నారు బావా" అన్నాను.

మర్నాడు చక్రధర్ గారు వచ్చారు. జీపు లేదు కాబట్టి బస్సు దిగి నడిచొచ్చారు. "రెండో దశ. మీ గుండె గురించి" అన్నారు. వెళ్తూ వెళ్తూ అక్క వైపు తిరిగి, "దూరపు బంధువులకు కూడా మీరు ఇదే పద్ధతిలో తెలియజేయాలి. ఒక్కసారిగా ఏదీ చెప్పరాదు" అని హితవు చెప్పారు.

ఆ సాయంత్రం బావ క్లారినెట్టు తీసి, మెత్తటి గుడ్డతో కీలన్నీ తుడిచి, అక్క దగ్గరున్న రీడుతో సహా పెట్టెలో పెట్టి, తాతబ్బాయిని పిలిపించాడు. తాతబ్బాయి ఆయన శిష్యుడు. మనిషి బంగారం, ఊపిరే చాలదు. "ఇదుంచరా. షష్టిలో నువ్వే ఊదు. మధ్యలో ఊపిరందకపోతే డ్రమ్ము మీద వదిలెయ్, మా బావమరిది చూసుకుంటాడు" అన్నాడు. తాతబ్బాయి కాళ్ల మీద పడిపోయాడు. బావ అరుగు మీద కూర్చుని ఒట్టి చేతులతో మోకాళ్ల మీద వేళ్లు ఆడించబోయి, మధ్యలో ఆపేశాడు. నేను పెరట్లోకి పోయి ఏడ్చాను. సిగ్గేముంది, ఏడ్చాను.

మా అక్క మాత్రం ఆఫీసరు గారు చెప్పిన ముక్క తు.చ. తప్పకుండా పాటించింది. ఏలేశ్వరంలో మా చిన్నమ్మకి ఫోను చేసి, "పిన్నీ, కంగారు పడకండి. మీ అల్లుడి గురించి" అని పెట్టేసింది. విరామం ఇవ్వాలి కదా మరి. తర్వాత తుని వాళ్లకీ, పిఠాపురం వాళ్లకీ అంతే. అవతలివాళ్లు తిరిగి ఫోను చేస్తే ఎత్తలేదు. పాపం దానికి బావ ప్రాణం మీద ఆశ, విధానం తప్పితే ఏమవుతుందోనని భయం.

తెల్లారింది. బావ ఎప్పటిలాగే కాలవగట్టు మీదికి నడకకి పోయాడు. రోహిణి గారు మానొద్దన్నారు, మానలేదు. ఆయనటు వెళ్లాడో లేదో ఇటు ఆటోల మీద ఆటోలు దిగాయి. మా చిన్నమ్మ వీధి మొగలోనే జుట్టు ముడి ఊడదీసుకుని, "ఓరి నా తండ్రీ, క్లారినెట్టు మాకు ఇనిపించకుండా పోయావా!" అని శోకాలు మొదలెట్టింది. తుని మావయ్య వెదురుబొంగులు కూడా వెంట తెచ్చుకున్నాడు. ఇక్కడ దొరకవేమోనని.

లోపలికొచ్చి చూస్తే మంచం ఖాళీ. "అప్పుడే తీసేశారా!" అని ఇంకోసారి గొల్లుమన్నారు. వాళ్లు ఏడవడం చూసి మా అక్కకి గుండె ఆగినంత పనైంది. గట్టు మీద బావకి ఏదో అయింది, ఆ కబురు వీళ్లకి ముందు తెలిసిందనుకుంది. అదీ ఏడుపు లంకించుకుంది. అక్క ఏడిస్తే నేనెందుకు ఆగుతాను? ఎవరు పోయారో, ఎక్కడ పోయారో ఒక్కరమూ అడగలేదు. అడగడం ఉద్రేకానికి లక్షణమని మాకు అప్పటికే బాగా అలవాటైపోయింది.

ఈలోగా తాతబ్బాయికి కబురు అందింది. గురువుకి మేళం లేకుండా సాగనంపడమా అని, యూనిఫారాలు వేయించి, బ్యాండు మొత్తాన్ని వెంటబెట్టుకుని వీధి మొగ నుంచి వాయించుకుంటూ బయల్దేరాడు. ఒక చేత్తో కన్నీళ్లు తుడుచుకుంటూ ఇంకో చేత్తో క్లారినెట్టు. ఆ శ్రుతి ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

సరిగ్గా అప్పుడు మా బావ నడక ముగించుకుని, తుండుగుడ్డతో చెమట తుడుచుకుంటూ మేళం వెనక నుంచి వీధిలోకి వచ్చాడు. చావు మేళం చూసి చెప్పులు విడిచి చేతిలో పట్టుకున్నాడు. పక్కన నడుస్తున్న ముసలాయన్ని, "ఎవరు పోయారండి పాపం?" అని అడిగాడు. ఆయనకి చూపు ఆనదు. "ఎవరో క్లారినెట్టు ఆయనటండి. మారాజులా ఊదేవాడట" అన్నాడు.

"ఎవరబ్బా?" అనుకుంటూ బావ కొంతదూరం తన చావు వెనక తనే నడిచాడు. మనసంతా ఆ ఊదుడు మీదే ఉంది. ఒక మలుపు దగ్గర తాతబ్బాయి పై స్వరం అందుకోబోయి కీచుమనిపించాడు. దానికి మాత్రం బావ తట్టుకోలేకపోయాడు. జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చి, వెనక నుంచి తాతబ్బాయి నెత్తి మీద ఒక్కటిచ్చాడు.

"పోయినోడు క్లారినెట్టు మనిషంటన్నార్రా! ఆడి ఆత్మ వింటే ఏవనుకుంటాది? ఇటియ్యి!"

తాతబ్బాయి వెనక్కి తిరిగి చూసి, క్లారినెట్టు చేతిలో పెట్టి, నిలువునా కూలబడ్డాడు. బావ ఊపిరి తీసుకున్నాడు. ఊదాడు.

ఇంట్లో శోకాల మధ్య ఉన్న నాకు ఆ స్వరం వినిపించింది. ఇన్నేళ్లు దాని పక్కన డ్రమ్ము కొట్టినవాణ్ణి, నాకు పోల్చుకోవడానికి ఇంకొకరు చెప్పాలా? గుమ్మంలోకి పరిగెత్తాను. యూనిఫారాల బ్యాండుకి ముందు, బనీను మీద, చంకలో చెప్పులు పెట్టుకుని, కళ్లు మూసుకుని ఊదుకుంటూ వస్తున్నాడు మా బావ. ఎంత పొడుగు స్వరమండీ అది! ఎక్కడా తెగలేదు. వెనక నుంచి డ్రమ్ము లేదే అనిపించి నా చేతులు దురదపెట్టాయి.

మా అక్క జుట్టు విరబోసుకుని వీధిలోకొచ్చి ఎదురు నిలబడింది. "ఏవయ్యా! నువ్వు సచ్చిపోలేదా?"

బావ క్లారినెట్టు దించాడు. "నేనెందుకు సస్తానే? ఎవరు పోయారో కనుక్కుందావని వస్తన్నా." అప్పుడు తుని మావయ్య చేతిలో వెదురుబొంగులు చూశాడు, చిన్నమ్మని చూశాడు, మా అందరి మొహాలూ చూశాడు. "నేనాండీ?" అన్నాడు మెల్లిగా.

అదే సమయానికి ఆటో దిగారు చక్రధర్ గారూ, నాడి చూడటానికి వెంట రోహిణి గారూ. చావు కబురు ఆసుపత్రికీ చేరిందట. దాన్ని దశలవారీగా ఎలా ధ్రువీకరించాలో తెలియక బయల్దేరి వచ్చారు. రోహిణి గారు ఒక్క అంగలో వచ్చి బావ చెయ్యి పట్టుకున్నారు.

బావకి అప్పుడు గుర్తొచ్చింది తనేం చేశాడో. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "ఊదేశానమ్మా. మీరు వద్దన్నారు, ఆగలేకపోయాను. ఏవన్నా అవుద్దంటారా?"

ఆవిడ నాడి చూస్తూ నవ్వేశారు. "ఏమీ కాదు నూకరాజు గారూ. గుర్రంలా కొట్టుకుంటోంది." ఉద్యోగం సంగతి ఆ క్షణంలో ఆవిడకి గుర్తున్నట్టు లేదు.

చక్రధర్ గారు గొంతు సవరించుకున్నారు. "ప్రత్యేక పరిస్థితుల దృష్ట్యా విరామం కుదిస్తున్నాను. మూడో దశ. మీరు క్లారినెట్టు వాయించవచ్చు."

"ఇప్పటిదాకా నేను వాయించింది ఏవనుకున్నారండీ?" అన్నాడు బావ. తర్వాత "ఈ మాట మీకెప్పుడు తెలుసండి?" అని అడిగాడు.

"పరీక్ష రోజునే."

బావ క్లారినెట్టు తుడిచి శిష్యుడి చేతికిచ్చిన సాయంత్రం నా కళ్లముందు కదిలింది. కోపంతో నాకు నోట మాట రాలేదు. మా చిన్నమ్మకి మాత్రం వచ్చింది. ఆవిడ ఏమందో అచ్చు వేయడానికి వీల్లేదు. చక్రధర్ గారు అదంతా విన్నారు, ముఖంలో ఒక్క గీత కదల్లేదు. శిక్షణ మీద నాకు ఆ రోజు గౌరవం కలిగింది.

షష్టి తీర్థంలో మొదట ఊదింది బావే. తాతబ్బాయి పక్కన తాళాలు వేశాడు. దొంగనాయాలు నాకన్నా ఎక్కువ సంబరపడ్డాడు. ఆ తర్వాత సమాఖ్య పత్రికలో మా బావ ఫొటో పడింది. ఈసారి విధానాన్ని పక్కనబెట్టి మొత్తం ఒకే సంచికలో వేశారు: "కొత్తలంకకు చెందిన రోగికి శుభవార్త తెలియజేసిన సమయంలో ఆయనలో ఎలాంటి ఆశ్చర్యమూ, ఆనందోద్వేగమూ కానరాలేదు. మృదు సమాచార విధానం సంపూర్ణ విజయం సాధించింది." డాక్టర్ విశ్వంభరం గారికి సన్మానం జరిగింది. దానికి మేళం మాదే.

బావ గుండె భేషుగ్గా ఉంది. ఆ రోజుల తాలూకు దడ పట్టుకుంది మా అక్కకి. వీధిలో జీపు చప్పుడైతే చాలు, చెమటలు పట్టేవి. చేసేది లేక అదే ఆసుపత్రికి తీసుకెళ్లాం. తీగలు తగిలించారు, గీతలు చూశారు, ఫలితం విధానం ప్రకారం అందుతుందన్నారు.

నిన్న పొద్దున్న కొత్త జీపు వచ్చి ఆగింది. చక్రధర్ గారు చెప్పులు విప్పి గుమ్మంలో నిలబడ్డారు, వెనకే రోహిణి గారు. అక్క వంటింటి తలుపు పట్టుకుని నీరుగారిపోయింది. ఆయన పెదవి కదిపేలోగా బావ అరుగు మీంచి లేచాడు, క్లారినెట్టు ఎత్తాడు. నేను డ్రమ్ము తగిలించుకున్నాను. ఆ హోరులో రోహిణి గారు చక్రధర్ గారి వెనక నుంచి జారుకుని లోపలికి వచ్చి, అక్క చెవిలో ఏదో చెప్పారు. గ్యాసట. అక్క కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

ప్రత్యేక పరిస్థితుల దృష్ట్యా విరామం కుదించారో ఏమో, గుమ్మంలో చక్రధర్ గారి పెదవులు కదులుతూనే ఉన్నాయి. మూడు దశలూ అయ్యేదాకా బావ ఆపలేదు.